ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు ఏ స్కాన్ దేనికి? పెట్ సీటీ ఒక్కటే చాలదా?

ప్రశ్న: మా నాన్నకు 62 ఏళ్లు. బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు పనిచేశారు. షుగర్ ఉంది. కుడి ఊపిరితిత్తి పై భాగంలో 3.6 సెంటీమీటర్ల గడ్డ, సూది పరీక్షలో అడినోకార్సినోమా (ఊపిరితిత్తి క్యాన్సర్‌లో ఒక రకం) అని వచ్చింది. సీటీ రిపోర్టులో గాలి గొట్టం పక్కన 12 మిల్లీమీటర్ల గ్రంథి ఉందని రాశారు. కర్నూలులో చూసిన డాక్టరు పెట్ సీటీ, మెదడు ఎంఆర్ఐ రాశారు, తర్వాత ఈబస్ (గాలి గొట్టంలోంచి గ్రంథికి చేసే సూది పరీక్ష) కూడా అవసరం కావచ్చు అన్నారు. సీటీ ఉండగా ఇవన్నీ డబ్బు దండగ అని మా మామ అంటున్నాడు. ఇంకొకరు బోన్ స్కాన్ కూడా చేయించమంటున్నారు. పెట్ ఒక్కటి చేయిస్తే అన్నీ తెలిసిపోవా? ఆ గ్రంథి పెట్‌లో వెలిగితే ఇక ఆపరేషన్ లేనట్టేనా?

జవాబు:

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. మీ ఇంట్లో అందరికీ టెన్షన్ దాని గురించే అయి ఉంటుంది. గ్రంథి పెట్‌లో వెలిగినంత మాత్రాన ఆపరేషన్ లేనట్టు కాదు. ఆ గ్రంథిలోంచి సూదితో కణాలు తీసి, అందులో క్యాన్సర్ ఉందని పెథాలజిస్టు చెప్పేదాకా ఎవరూ ఆ మాట అనకూడదు. నేను కర్నూలులో చాలా ఏళ్లుగా ఛాతీ స్కాన్లు చదువుతున్నాను. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న చోట, అందులోనూ బండల దుమ్ములో పనిచేసిన మనిషి విషయంలో, ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

మిగతా ప్రశ్నలకు జవాబు అర్థం కావాలంటే స్టేజ్ అంటే ఏమిటో కొంచెం తెలియాలి. అందులో మూడు లెక్కలుంటాయి. గడ్డ సైజు ఎంత, చుట్టుపక్కల దేనికి అంటుకుంది అన్నది టీ. లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా అన్నది ఎన్. మెదడు, ఎముకలు, కాలేయం, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు లాంటి దూరపు చోట్లకు చేరిందా అన్నది ఎం. మీ నాన్నగారి గడ్డ 3 సెంటీమీటర్లు దాటి 4 లోపు ఉంది. వేరే దేనికీ అంటుకోకపోతే అది టీ2ఏ. ఇక ఆయన వైద్యం ఏ దారిన వెళ్తుందన్నది చాలావరకు గ్రంథులే తేలుస్తాయి.

గ్రంథుల్లో ఎక్కడా లేకపోతే స్టేజ్ 1బీ, నేరుగా ఆపరేషన్‌కు వెళ్లొచ్చు. ఊపిరితిత్తి లోపల, దాని మొదట్లో ఉండే గ్రంథుల వరకే పాకితే ఎన్1, స్టేజ్ 2బీ. అప్పుడూ ఆపరేషన్ అవకాశం ఉంటుంది. ఛాతీ మధ్యలో, గడ్డ ఉన్న వైపు గ్రంథుల్లో ఉంటే ఎన్2. 2025 నుంచి వాడుకలోకి వచ్చిన తొమ్మిదో టీఎన్ఎం ఎడిషన్‌లో ఈ ఎన్2ను రెండుగా విడగొట్టారు. ఛాతీలో గ్రంథులుండే చోట్లకు నంబర్లిచ్చి స్థానాలు అంటారు. ఒకే స్థానంలో ఉంటే ఎన్2ఏ, ఒకటికి మించిన స్థానాల్లో ఉంటే ఎన్2బీ. మీ నాన్నగారి గడ్డ సైజుకు మొదటిది స్టేజ్ 3ఏ అవుతుంది, రెండోది 3బీ. 3ఏలో ఎంపిక చేసిన వాళ్లకు ముందు కీమో, ఇమ్యునోథెరపీ ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. మిగతావాళ్లకు కీమోతో కలిపి రేడియేషన్ ఇస్తారు. ఎదుటి వైపు గ్రంథుల్లోకి, లేదా మెడ దగ్గర కాలర్ ఎముక పైన ఉండే గ్రంథుల్లోకి చేరితే ఎన్3. అప్పుడు మామూలుగా ఆపరేషన్ ఆలోచన మానుకుంటారు.

అంటే ఆ 12 మిల్లీమీటర్ల గ్రంథిలో ఏముందన్న దాన్ని బట్టి మీ నాన్నగారు 1బీలోనూ ఉండొచ్చు, 3ఏలోనూ ఉండొచ్చు. సీటీ ఒక్కదాన్ని చూసి దీన్ని తేల్చలేం.

సీటీ తక్కువ పరీక్షేమీ కాదు. గడ్డ సైజు, అది ఊపిరితిత్తి ఏ లోబ్‌లో, అంటే ఏ భాగంలో ఉంది, పక్క లోబ్‌లోకి దాటిందా, పెద్ద రక్తనాళాలకూ ఛాతీ గోడకూ ఎంత దగ్గరగా ఉంది, ఇవన్నీ సర్జన్‌కు కనిపించేది సీటీలోనే. కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో, సన్నని స్లైసులతో, కాలేయమూ రెండు అడ్రినల్ గ్రంథులూ కలిసేలా పొట్ట పై భాగం దాకా తీసిన సీటీ అయితే దాని విలువ చాలా ఎక్కువ. కాంట్రాస్ట్ లేకుండా ఛాతీ వరకే తీసిన సీటీతో స్టేజింగ్‌కు వచ్చే వాళ్లను తరచూ చూస్తుంటాను. అలాంటిదైతే మళ్లీ తీయించాల్సి వస్తుంది. మీ రిపోర్టులో కాంట్రాస్ట్ ఇచ్చారో లేదో, అడ్రినల్స్ గురించి ఒక్క ముక్కైనా రాశారో లేదో ముందు చూసుకోండి.

గ్రంథుల దగ్గరికి వచ్చేసరికి సీటీకి తెలిసింది సైజు మాత్రమే. అడ్డంగా కొలిచినప్పుడు 10 మిల్లీమీటర్లు దాటితే పెద్దదంటాం, లోపు ఉంటే మామూలుదంటాం. కానీ 7 మిల్లీమీటర్ల గ్రంథిలో క్యాన్సర్ ఉండొచ్చు, 20 మిల్లీమీటర్ల గ్రంథిలో పాత టీబీ తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అమెరికా ఛాతీ వైద్యుల కాలేజీ 2013 మార్గదర్శకాల కోసం అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. ఛాతీ మధ్య గ్రంథుల్లో నిజంగా క్యాన్సర్ ఉన్న 100 మందిలో సీటీ పట్టుకున్నది సుమారు 55 మందిని. లేని 100 మందిలో 19 మందిని ఉన్నట్టు చూపించింది. ఉన్నవాళ్లలో దాదాపు సగం మంది తప్పించుకుపోయే పరీక్షను నమ్ముకుని ఛాతీ తెరవడం సరికాదు. ఇది మీ మామగారికి చెప్పండి. ఆయన ఖర్చు గురించి ఆలోచిస్తున్నారు, అందులో తప్పులేదు. కానీ పనికిరాని ఆపరేషన్‌కు అయ్యే ఖర్చు, నొప్పి, వృథా అయ్యే సమయం ఈ పరీక్షల ఖర్చు కంటే పెద్దవి.

పెట్ ఎందుకు వచ్చిందంటే సరిగ్గా ఇందుకే. గ్లూకోజ్ లాంటి ఎఫ్‌డీజీ అనే మందుకు ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పరమాణువును జోడించి నరంలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా వాడుకునే కణాలు దాన్ని లాక్కుంటాయి, అక్కడ వెలుగుతుంది. దానితో పాటే తీసే సీటీ ఆ వెలుగు ఎక్కడుందో చూపిస్తుంది. పెట్‌కు రెండు పెద్ద బలాలున్నాయి. తల దిగువ నుంచి తొడల దాకా ఒకేసారి చూస్తుంది కాబట్టి ఎవరూ అనుమానించని చోట, ఒక పక్కటెముకలోనో కాలేయంలోనో, దాగిన క్యాన్సర్‌ను బయటపెడుతుంది. గ్రంథుల విషయంలోనూ సీటీ కంటే మెరుగు. అనేక అధ్యయనాలను కలిపి చూసే కాక్రేన్ సంస్థ 2014 సమీక్ష ప్రకారం పెట్ సీటీ, క్యాన్సర్ ఉన్న 100 మందిలో సుమారు 77 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 90 మందిని లేదనే చెబుతుంది.

దీనివల్ల రోగికి ఒరిగేదేమిటో రెండు పాత ట్రయల్స్‌లో బాగా తెలుస్తుంది. 2002లో నెదర్లాండ్స్‌లో 188 మంది మీద చేసినదాంట్లో, మామూలు పరీక్షలు మాత్రమే చేసిన వాళ్లలో 41 శాతం మందికి ఛాతీ ఆపరేషన్ వృథా అయింది. అంటే తెరిచాక తీయలేకపోవడం, క్యాన్సర్ కాదని తేలడం, ఏడాదిలోపే మళ్లీ రావడం లాంటివి. పెట్ కూడా చేసిన వాళ్లలో ఇది 21 శాతానికి తగ్గింది. 2009లో డెన్మార్క్ ట్రయల్‌లో 189 మందిని పెట్ సీటీతో, అది లేకుండా పోల్చారు. వృథా ఆపరేషన్లు 52 శాతం నుంచి 35కు దిగాయి. ఆ డెన్మార్క్ ట్రయల్‌లో మొత్తం ఆయుష్షులో తేడా మాత్రం కనిపించలేదు. అంటే పెట్ చేసే గొప్ప మేలు అనవసరంగా ఛాతీ కోయించుకోకుండా కాపాడటం. పెట్ చేయించమని నేను చెప్పేది ఇందుకే, ఖర్చు సీటీకి ఎన్నో రెట్లయినా సరే.

అయితే డెన్మార్క్, నెదర్లాండ్స్ అని రెండు పేర్లు చెప్పాను కదా, అవి టీబీ చాలా తక్కువగా ఉన్న దేశాలు. మన దగ్గర లెక్క మారుతుంది. చక్కెరను ఎక్కువగా వాడుకునేది క్యాన్సర్ కణం ఒక్కటే కాదు, ఇన్‌ఫెక్షన్, వాపు ఉన్నచోట పోరాడే కణాలూ అంతే. టీబీ గ్రంథి వెలుగుతుంది. సార్కాయిడోసిస్ అనే, గ్రంథులు ఉబ్బే మరో జబ్బు గ్రంథి వెలుగుతుంది. రాతి దుమ్ము, పొగ నుసి ఏళ్ల తరబడి చేరిన గ్రంథి వెలుగుతుంది. గడ్డ అడ్డుపడటంతో దాని వెనక నెమ్ము చేసినా ఆ చుట్టుపక్కల గ్రంథులు వెలుగుతాయి. పొద్దుపోయాక ఒకరి ఇంటి కిటికీలో దీపం కనిపిస్తే లోపల ఎవరో ఉన్నారని తెలుస్తుంది, ఎవరున్నారో తలుపు తడితేగాని తెలియదు. పెట్ వెలుగూ అంతవరకే చెబుతుంది. 2014లోనే జామా పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ ఊపిరితిత్తి నీడల మీద పెట్ పనితనాన్ని ప్రాంతాలవారీగా పోల్చింది. ఇలాంటి అంటువ్యాధులు ఎక్కువగా ఉన్న చోట దాని స్పెసిఫిసిటీ, అంటే క్యాన్సర్ లేనివాళ్లను లేదనే చెప్పగలిగే శక్తి, 61 శాతమే, లేని చోట 77 శాతం. అది గడ్డ క్యాన్సరా కాదా అన్న ప్రశ్న మీద చేసిన లెక్క, గ్రంథుల మీద కాదు. కానీ వెనకున్న కారణం ఒకటే.

మీ నాన్నగారి విషయంలో ఆయన చేసిన పని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల చుట్టూ బండలు కోసే, పాలిష్ పట్టే పనిలో ఉన్న వాళ్ల ఛాతీ సీటీల్లో పెద్దవైన గ్రంథులు కనిపించడం నాకు కొత్త కాదు. గ్రానైట్ లాంటి రాయిలో సిలికా బాగా ఉంటుంది. ఆ దుమ్ము లోపలికి వెళితే లింఫ్ గ్రంథులే దాన్ని పోగుచేసుకుంటాయి. కొన్ని గ్రంథుల చుట్టూ గుడ్డు పెంకులా సున్నం పేరుకుంటుంది. సిలికోసిస్, అంటే ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తి జబ్బు, ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. రెండు వైపులా ఒకే తీరున, ఒకే మోతాదులో వెలిగే గ్రంథులు, కాంట్రాస్ట్ లేని సీటీలో చుట్టూ ఉన్న కండ కంటే తెల్లగా కనిపించే గ్రంథులు, సున్నం పట్టినవి, ఇవి క్యాన్సర్ కంటే పాత జబ్బు వైపే ఎక్కువ మొగ్గు చూపిస్తాయి. అందుకే ఆయన ఎన్నేళ్లు, ఏ రాయి మీద పనిచేశారో, చిన్నప్పుడో తర్వాతో టీబీ మందులు వాడారో స్కాన్ రాసే డాక్టరుకు తప్పనిసరిగా చెప్పండి. స్కాన్ సెంటర్‌కు వెళ్లే చీటీ మీద రాయించండి. ఆ ఒక్క లైను ఉంటే రిపోర్టు రాసే వాళ్ల చూపు మారుతుంది.

తాడిపత్రి వైపు నుంచి వచ్చిన ఒకాయన గుర్తున్నారు. ఎడమవైపు చిన్న గడ్డ, పెట్‌లో ఛాతీ మధ్యలో రెండు వైపులా గ్రంథులు గట్టిగా వెలిగాయి. ఒక చోట ఆ రిపోర్టు చూసి స్టేజ్ 3బీ, ఆపరేషన్ లేదు అని చెప్పి పంపారు. ఫిల్ముల్లో ఆ గ్రంథులు రెండు వైపులా అద్దంలో చూసినట్టు ఒకేలా ఉన్నాయి, కొన్నింటిలో సున్నం ఉంది. సూది పరీక్ష చేయించమని రాశాను. నాలుగు స్థానాల నుంచి తీశారు, ఎక్కడా క్యాన్సర్ లేదు, నల్లటి దుమ్ము, గ్రాన్యులోమాలు (టీబీ లాంటి జబ్బుల్లో కట్టే చిన్న కణాల ముద్దలు) మాత్రమే. ఆయనకు ఆపరేషన్ జరిగింది, తీసిన గ్రంథుల్లో కూడా క్యాన్సర్ లేదు.

ఇది చదివి, మా నాన్నదీ దుమ్మే అయ్యుంటుంది, సూది అక్కర్లేదు అని మాత్రం అనుకోకండి. దుమ్ము చేరిన గ్రంథిలోనే క్యాన్సర్ కూడా ఉండొచ్చు. రెండూ ఒకే మనిషిలో, ఒకే గ్రంథిలో చూస్తాం. పెట్‌లో వెలుగు ఎంతుందో చెప్పే ఎస్‌యూవీ అనే అంకెను చూసి కూడా తేల్చుకోవద్దు. రిపోర్టులో ఎస్‌యూవీ 2.5 దాటిందని ఉంటే చాలామంది గుండె జారిపోతుంది. టీబీ గ్రంథికి 10 దాటిన ఎస్‌యూవీ రావడం ఉంది, క్యాన్సర్ చేరిన చిన్న గ్రంథికి 2 లోపు రావడమూ ఉంది. యంత్రాన్ని బట్టి, షుగర్‌ను బట్టి, ఇంజెక్షన్ తర్వాత ఎంతసేపటికి తీశారన్న దాన్ని బట్టి ఆ అంకె మారుతుంది.

పెట్ ఏమీ చూపించకపోయినా ఎప్పుడు నమ్మొచ్చన్నది కూడా తెలియాలి. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు ఉండి, ఊపిరితిత్తి అంచున ఉండి, సీటీలో గ్రంథులు మామూలుగా ఉండి, పెట్‌లో కూడా ఏమీ వెలగకపోతే నేరుగా ఆపరేషన్‌కు వెళ్లడం అందరూ ఒప్పుకునే దారి. గడ్డ 3 దాటినా, ఊపిరితిత్తి మధ్య భాగంలో ఉన్నా, ఎన్1 అనుమానం ఉన్నా, గడ్డ తానే సరిగ్గా వెలగకపోయినా, గ్రంథులు పెట్‌లో శుభ్రంగా కనిపించినా సరే సూది పరీక్ష చేయమని యూరప్ ఛాతీ సర్జన్ల మార్గదర్శకాలు చెబుతాయి. మీ నాన్నగారి గడ్డ 3.6. పైగా గ్రంథి 12 మిల్లీమీటర్లుంది. కాబట్టి పెట్ ఎలా వచ్చినా ఆయనకు గ్రంథి సూది పరీక్ష కావాలి. మీ డాక్టరు అవసరం కావచ్చు అన్నారు, నా ఉద్దేశంలో తప్పకుండా అవసరం.

ఈబస్ అంటే నోట్లోంచి గాలి గొట్టంలోకి వెళ్లే సన్నని బ్రాంకోస్కోప్, దాని కొసన చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. గొట్టం గోడ అవతల ఉన్న గ్రంథిని చూస్తూ సూది పెడతారు. ఛాతీ కోయనక్కర్లేదు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. గాలి గొట్టం పక్కన, దాని చీలిక కింద, ఊపిరితిత్తి మొదట్లో ఉన్న గ్రంథులను ఇది అందుకోగలదు. 2013 మార్గదర్శకాల్లో దీని సెన్సిటివిటీ, అంటే క్యాన్సర్ ఉన్నవాళ్లను పట్టుకునే శక్తి, సుమారు 89 శాతం అని ఉంది. 2010లో వచ్చిన ఆస్టర్ ట్రయల్‌లో 241 మందిని తీసుకుని, మెడ కింద కోత పెట్టి గ్రంథులు తీసే మీడియాస్టినోస్కోపీ ఒక్కటే చేస్తే 79 శాతం, ముందు అల్ట్రాసౌండ్ స్కోపులతో సూది పరీక్ష చేసి అందులో ఏమీ తేలకపోతే ఆ ఆపరేషన్ చేస్తే 94 శాతం పట్టుకున్నట్టు చూపించారు. ఎడమవైపు బృహద్ధమని పక్కన ఉండే 5, 6 స్థానాలకు ఈబస్ చేరదు. మీ నాన్నగారిది కుడివైపు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఈబస్ చేసే డాక్టరును రెండు విషయాలు అడగండి. పెద్దగా కనిపించిన ఒక్క గ్రంథిలోంచే తీయకుండా, ఎదుటి వైపు నుంచి మొదలుపెట్టి వరుసగా అన్ని స్థానాలూ చూస్తారా అని. ఎన్2ఏ, ఎన్2బీ తేడా ఇప్పుడు స్టేజ్‌నే మారుస్తోంది కాబట్టి ఇది కావాలి. రెండోది, తీసిన కణాల్లో కొంత భాగాన్ని ఫార్మలిన్‌లో వేయకుండా సెలైన్‌లో వేసి టీబీ పరీక్షకు, అంటే జీన్ ఎక్స్‌పర్ట్‌కు, కల్చర్‌కు పంపుతారా అని. ఫార్మలిన్‌లో పడితే కల్చర్ కుదరదు. తీరా క్యాన్సర్ కాదని తేలాక మళ్లీ టీబీ కోసం సూది వేయించుకోవడం ఎవరికైనా కష్టమే. రిపోర్టు వచ్చాక నెగటివ్ అన్న మాట ఒక్కటే చూడకండి. లింఫోసైట్లు (గ్రంథిలో సహజంగా ఉండే తెల్లకణాలు) కనిపించాయి, క్యాన్సర్ లేదు అని రాస్తే అది నిజమైన నెగటివ్. రక్తం మాత్రమే వచ్చింది, నమూనా సరిపోలేదు అని ఉంటే ఆ స్థానం గురించి ఇంకా ఏమీ తెలియనట్టే. మళ్లీ ఈబస్ చేయాలి, లేదంటే మీడియాస్టినోస్కోపీకి వెళ్లాలి. అనుమానం బలంగా ఉన్న గ్రంథికి మామూలు నెగటివ్ వచ్చినా సర్జన్లు ఒక్కోసారి మీడియాస్టినోస్కోపీ అడుగుతారు, అది అతి జాగ్రత్త కాదు.

ఇక మెదడు ఎంఆర్ఐ. పెట్ చేశాక మళ్లీ ఇదెందుకు అని అందరూ అడుగుతారు. మెదడు తానే ఎప్పుడూ చక్కెరను విపరీతంగా వాడుకుంటుంది కాబట్టి పెట్‌లో మెదడంతా వెలుగుతూనే ఉంటుంది. అందులో చిన్న క్యాన్సర్ మచ్చ కనిపించదు. పైగా చాలా పెట్ స్కాన్లు తల దిగువ నుంచే మొదలవుతాయి. కాంట్రాస్ట్‌తో చేసిన ఎంఆర్ఐ కొన్ని మిల్లీమీటర్ల మచ్చను కూడా చూపిస్తుంది, సీటీ అంత చిన్నది చూపించదు. బ్రిటన్ నైస్ మార్గదర్శకాలు స్టేజ్ 1కు మెదడు స్కాన్ వద్దంటాయి, స్టేజ్ 2కు కాంట్రాస్ట్ సీటీ, స్టేజ్ 3కు ఎంఆర్ఐ చేయమంటాయి. మీ నాన్నగారికి గ్రంథి అనుమానం ఉంది, పైగా అడినోకార్సినోమా మెదడుకు వెళ్లే గుణం ఉన్న రకం. ఎంఆర్ఐ రాయడం సబబే. తలనొప్పి, వాంతులు, ఫిట్స్, మాట తడబడటం లాంటివి ఏమైనా ఉంటే స్టేజ్‌తో పనిలేకుండా వెంటనే చేయించాలి.

ఛాతీకి మాత్రం ఎంఆర్ఐ అందరికీ అక్కర్లేదు. గడ్డ ఊపిరితిత్తి పై కొసన, భుజం నొప్పి చేతిలోకి లాగే చోట ఉంటే నరాల గుత్తికి, వెన్నెముకకు అంటుకుందా అని చూడటానికి సీటీ కంటే ఎంఆర్ఐ మేలు.

బోన్ స్కాన్ గురించి. పెట్ సీటీ చేయించాక బోన్ స్కాన్ వద్దు. ఎముకల్లోకి పాకిన ఊపిరితిత్తి క్యాన్సర్‌ను పెట్ అంతకంటే బాగా పట్టుకుంటుంది. పెట్ అస్సలు కుదరని పరిస్థితిలో, ఎముకల నొప్పి ఉంటేనో, రక్తంలో కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితేనో బోన్ స్కాన్ ఆలోచించవచ్చు. మన జిల్లాల్లో దానికో చిక్కుంది. అనంతపురం, అటు కడప, కర్నూలు పల్లెల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఎముకలకు ఫ్లోరోసిస్ పట్టినవాళ్లకు బోన్ స్కాన్‌లో అస్థిపంజరమంతా గాఢంగా కనిపిస్తుంది, అది ఒళ్లంతా పాకిన క్యాన్సర్‌ను పోలి ఉంటుంది. సీటీలో కూడా ఆ ఎముకలు చిక్కగా, తెల్లగా ఉంటాయి. కీళ్ల అరుగుదల, పాత పక్కటెముక విరుపు కూడా వెలుగుతాయి. మీ ఊరి నీళ్లు అలాంటివైతే, నాన్నగారి పళ్ల మీద పసుపు, గోధుమ చారలుంటే, నడుము, మెడ బిగుసుకుని ఉంటే అది కూడా చెప్పండి.

పేరు వినగానే చిన్నచూపు చూసే పరీక్ష ఒకటుంది, అల్ట్రాసౌండ్. దాని విలువ నాకు చాలా ఎక్కువ. మెడ మీద ప్రోబ్ పెట్టి కాలర్ ఎముక పైన గ్రంథులు చూడటానికి ఎక్కువసేపు పట్టదు. అక్కడ అనుమానంగా ఉన్నది దొరికితే అప్పుడే సూది పెట్టవచ్చు. అందులో క్యాన్సర్ వస్తే ఎన్3 అని తేలిపోతుంది, ఖరీదైన స్కోపుల అవసరమే రాదు. ఊపిరితిత్తి చుట్టూ నీరుంటే తీసి పరీక్షకు పంపొచ్చు. ఆ నీటిలో క్యాన్సర్ కణాలుంటే అది ఎం1ఏ, అంటే పాకినట్టే లెక్క. గడ్డ ఛాతీ గోడకు ఆనుకుని ఉంటే, ఊపిరి తీస్తున్నప్పుడు గడ్డ గోడతో పాటు కదులుతోందా, విడిగా జారుతోందా అని కళ్లముందే చూడొచ్చు. సీటీ ఆ కదలికను చూపించదు. పెట్ కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్లే ముందే కర్నూలులో మెడ అల్ట్రాసౌండ్ చేయించి వెళ్లండి.

అడ్రినల్ గురించి ఒక్క మాట. అక్కడ చిన్న గడ్డ కనిపించిందని రిపోర్టులో ఉంటే కంగారుపడొద్దు. ప్రమాదం లేని అడినోమాలు మామూలు జనంలో కూడా తరచూ ఉంటాయి. కాంట్రాస్ట్ లేని సీటీలో సాంద్రత 10 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, అంతకంటే తక్కువ ఉంటే అది చాలావరకు అడినోమాయే. తేలకపోతే కెమికల్ షిఫ్ట్ ఎంఆర్ఐ తేలుస్తుంది, అప్పటికీ అనుమానం ఉంటే సూది. ఒంట్లో ఎక్కడైనా సరే, దూరంగా ఒకే ఒక్క మచ్చ వెలిగి, దానివల్లే ఆపరేషన్ ఆగిపోయే పరిస్థితి వస్తే, ఆ మచ్చ నుంచి ముక్క తీయించమని అడగండి. అడగడం మీ హక్కు.

పెట్‌కు వెళ్లేటప్పుడు నాన్నగారి షుగర్ ముఖ్యం. రక్తంలో గ్లూకోజ్ ఎక్కువగా ఉంటే అది ఎఫ్‌డీజీతో పోటీపడి వెలుగును తగ్గిస్తుంది. మామూలుగా 200 లోపు ఉంటేనే ఇంజెక్షన్ ఇస్తారు. కనీసం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. మెట్‌ఫార్మిన్ వాడితే పేగులంతా వెలుగుతుంది, ఇన్సులిన్ అప్పుడే వేసుకుని వెళితే మందంతా కండరాలకు పోతుంది. ఈ రెండింటిలో ఏది ఎప్పుడు ఆపాలో అపాయింట్‌మెంట్ రోజే సెంటర్ వాళ్లనూ, షుగర్ డాక్టరునూ అడిగి రాయించుకోండి, మీ అంతట మీరు ఆపొద్దు. ముందు రోజు బరువు పనులు, ఎక్కువ నడక వద్దు. ఫ్లోరిన్-18 సగానికి సగం తగ్గిపోవడానికి సుమారు 110 నిమిషాలే పడుతుంది, మందును ఆ టైముకు లెక్కగట్టి తెప్పిస్తారు. పొద్దున కర్నూలులో బయల్దేరి హైదరాబాద్ చేరేసరికి ఆలస్యమైతే డోసు వృథా కావచ్చు. ముందు రాత్రే వెళ్లి ఉండటం మంచిది.

వరుస నేనైతే ఇలా పెడతాను. ఉన్న సీటీ కాంట్రాస్ట్‌తో, అడ్రినల్స్‌తో సహా ఉందో లేదో చూసుకోవడం. మెడ అల్ట్రాసౌండ్. పెట్ సీటీ, అదే ప్రయాణంలో వీలైతే మెదడు ఎంఆర్ఐ. దూరంగా ఎక్కడా లేదనిపిస్తే ఈబస్. ఈ మధ్యలోనే ఊపిరితిత్తి సామర్థ్యం చూసే స్పైరోమెట్రీ, డీఎల్‌సీఓ, గుండె పరీక్షలు కూడా చేయించండి. లోబ్ తీయగలిగినంత శక్తి ఊపిరితిత్తుల్లో ఉందో లేదో తెలియకుండా స్టేజ్ ఒక్కటే తేలి లాభం లేదు. పెట్‌కూ ఆపరేషన్‌కూ మధ్య రెండు నెలలు దాటితే సర్జన్ మళ్లీ స్కాన్ అడగొచ్చు, కాబట్టి అన్నీ దగ్గర దగ్గరగా పెట్టుకోండి. ఖర్చు విషయంలో ఎన్‌టీఆర్ వైద్య సేవ, అంటే ఇదివరకటి ఆరోగ్యశ్రీ, మీ కార్డుకు ఏ పరీక్షలకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని కౌంటర్‌లో ముందే అడగండి. చేతి నుంచి కట్టాక తిరిగి తెచ్చుకోవడం కష్టం.

వెళ్లిన ప్రతిచోటా రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ సీడీ కూడా తీసుకోండి, పాతవీ కొత్తవీ అన్నీ. నాన్నగారికి ఎప్పుడో తీసిన ఛాతీ ఎక్స్‌రే గానీ సీటీ గానీ ఇంట్లో ఉంటే వెతికి పట్టుకెళ్లండి. ఆ గ్రంథి అయిదేళ్ల కిందట కూడా అంతే సైజులో ఉందని ఒక పాత ఫిల్ము చూపిస్తే, అది దుమ్ముదే అన్న అనుమానానికి చాలా బలం వస్తుంది. పెట్ రిపోర్టు వచ్చాక అందులో గ్రంథులను స్థానాల నంబర్లతో, 4ఆర్, 7, 10ఆర్ అని రాశారో లేదో చూడండి. ఛాతీ మధ్యలో గ్రంథులు వెలిగాయి అని ఊరికే రాసి వదిలేస్తే, నంబర్లతో మళ్లీ రాసివ్వమని అడగండి. ఈబస్ చేసే డాక్టరుకు ఆ నంబర్లే కావాలి.